తొట్టిని చూసి బండిని కొనాలి: డర్ట్ బైకు కోసం పాత పికప్‌ల సమీక్ష

మోటోక్రాస్ బైకుకు దీపాలుండవు, నంబరు ప్లేటు ఉండదు, రోడ్డెక్కే యోగ్యతా ఉండదు. కాబట్టి దానిని ట్రాకు దాకా మోసుకువెళ్లే మరో వాహనం తప్పనిసరి అవుతుంది. ఆ పనికి ఎక్కువ మంది చవకగా దొరికే పాత పికప్‌నే వెతుకుతారు. వెతకడం మొదలుపెట్టగానే మాటలన్నీ ఇంజను ఎన్ని సిలిండర్లది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా లేదా, ఏ కంపెనీ బండి ఎక్కువ కాలం మన్నుతుంది అన్న వైపే సాగిపోతాయి. 110 కిలోల బైకును మోయడానికి ఇవేవీ మొదట అడగవలసిన ప్రశ్నలు కావని నా అభిప్రాయం. వెనక తొట్టి ఎంత పొడవుందో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దాని కింద బండి బరువంతా మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, ఏ స్థితిలో ఉందో తేలాకే మిగిలిన వాటి జోలికి వెళ్లాలి. ఉత్తర అమెరికా మార్కెట్లో విరివిగా అమ్ముడై ఇప్పుడు పాతబడిన పికప్‌లను ఆ వరుసలోనే ఇక్కడ బేరీజు వేస్తున్నాను.

ముందు కొలతలు చూద్దాం. 250 సీసీ గాని, 450 సీసీ గాని, పెద్దలు నడిపే పూర్తి పరిమాణపు మోటోక్రాస్ బైకు పొడవు సుమారు 2,180 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 86 అంగుళాలు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 1,480 మిల్లీమీటర్లు, అంటే 58 అంగుళాల పైచిలుకు. 21 అంగుళాల రిమ్ముకు ఎక్కించిన ముందు టైరు మొత్తం వ్యాసం 27 అంగుళాలు దాటుతుంది. ఆ టైరును తొట్టి ముందు గోడకు ఆనించి బైకును నిలబెడితే ముందు ఇరుసు గోడకు పదమూడున్నర అంగుళాల దూరంలో ఉంటుంది, దానికి ఇరుసుల మధ్య దూరం కలిపితే వెనక ఇరుసు సరిగ్గా 72 అంగుళాల దగ్గరకు వస్తుంది. ఆరడుగుల తొట్టి పొడవు కూడా అంతే. అంటే ఆరడుగుల తొట్టిలో వెనక టైరు ఆనే చోటు తొట్టి ముగిసి, కిందికి తెరుచుకునే వెనక డోరు మొదలయ్యే సందు మీద పడుతుంది. బండి కొనకముందే కాగితం మీద చేసుకోదగిన ఈ లెక్కను చాలామంది బైకు ఎక్కించే రోజున చేస్తారు.

ఐదడుగుల తొట్టి అయితే వెనక టైరు సందు దాటి అడుగు దూరం బయటకు, పూర్తిగా డోరు మీదకు వెళుతుంది. బైకు బరువులో సుమారు సగం, పట్టీలతో కిందికి లాగినప్పుడు పడే ఒత్తిడి, గుంతల్లో ఎగిరిపడే అదురు, ఇవన్నీ డోరును రెండు పక్కలా పట్టి ఉంచే రెండు సన్నని తీగలు భరించాలి. పాత బండిలో ఆ తీగల ప్లాస్టిక్ తొడుగు లోపల ఎంత తుప్పు ఉందో పైకి కనబడదు. ఇది ఊహించుకుని చెబుతున్న భయం కాదు. డోరు తీగలు తుప్పుపట్టి తెగిపోతున్నాయన్న కారణంతో జనరల్ మోటార్స్ 2004లో సుమారు 40 లక్షల పికప్‌లను వెనక్కి పిలిచి తీగలు మార్చవలసి వచ్చింది. ఏ కంపెనీ పాత పికప్ కొన్నా ఆ రెండు తీగలను కొత్తవి వేయించుకోవడం మంచిది. అది చిన్న ఖర్చు, చేతి పనిముట్లతో ఇంటి దగ్గరే అయ్యే పని.

ఆరడుగుల తొట్టిలో డోరు మూసే మార్గం ఒకటుంది. ముందు చక్రాన్ని ఒక మూలకు, వెనక చక్రాన్ని దాని ఎదుటి మూలకు తోసి బైకును ఐమూలగా నిలబెడితే చాలా బండ్లలో డోరు మూతపడుతుంది. ఒక్క బైకు, ఒక్క మనిషి అయితే ఇంతకన్నా ఏమీ అక్కరలేదు. డోరు మూసి ఉంటే పెట్రోలు డబ్బా, పనిముట్ల పెట్టె, బూట్ల సంచి జారిపోతాయన్న చింత ఉండదు. కానీ ఐమూలగా పెట్టిన బైకు తొట్టినంతా ఆక్రమిస్తుంది కనుక రెండో బైకుకు చోటుండదు. ఏడడుగుల తొట్టి అయితే బైకు నేరుగానే పడుతుంది. ముందు టైరు మొన నుంచి వెనక టైరు చివర దాకా 85 అంగుళాలు, తొట్టి 84 అంగుళాలు. ముందు చక్రాన్ని కాస్త పక్కకు తిప్పితే చాలు, డోరు మూసుకుంటుంది. పాత చిన్న పికప్‌లలో ఒకే వరుస సీటుతో ఏడడుగుల తొట్టి ఉన్న రకాన్ని చూడగానే చాలామంది ఇది కూలీ పనుల బండి అని పక్కన పెట్టేస్తారు. మనకు కావలసింది సరిగ్గా అదే, గిరాకీ తక్కువ కనుక చవకగా దొరికేదీ అదే.

వెడల్పు సంగతి త్వరగా ముగించవచ్చు. చిన్న పికప్‌లలో తొట్టిలోకి పొడుచుకువచ్చే వెనక చక్రాల గుబ్బల మధ్య సుమారు 40 అంగుళాల ఖాళీ, పెద్ద పికప్‌లలో సుమారు 50 అంగుళాల ఖాళీ ఉంటుంది. బైకు హ్యాండిలు వెడల్పు దాదాపు 32 అంగుళాలు. టైర్లు పట్టడానికి చిన్న బండిలోనూ బోలెడంత చోటు ఉంది, రెండు బైకులు పెడితే ఇబ్బంది అంతా వాటి హ్యాండిళ్లు ఒకదానితో ఒకటి చిక్కుకోవడం దగ్గరే. ఒక బైకును ముందు గోడకు ఆనించి, రెండోదాన్ని కొన్ని అంగుళాలు వెనక్కి నిలిపితే ఒక హ్యాండిలు రెండోదాని వెనకగా సర్దుకుంటుంది. ప్రతివారం ఇద్దరు కలిసి వెళ్లేవారు మాత్రం పెద్ద పికప్ గురించి ఆలోచించుకోవచ్చు.

ఎత్తు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ అలసిపోయి తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పుడు అన్నిటికన్నా ముందు తెలిసివచ్చేది అదే. టూ వీల్ డ్రైవ్ చిన్న పికప్‌లో తొట్టి నేల నుంచి 27 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. బైకును పైకి నడిపించే వాలు పలక, అంటే ర్యాంపు, ఏడడుగులది వేస్తే వాలు 19 డిగ్రీల లోపు ఉంటుంది, 110 కిలోల బైకును పైకి తోయడానికి 35 కిలోల బలం సరిపోతుంది. అదే ర్యాంపును మూడడుగుల ఎత్తున్న ఫోర్ వీల్ డ్రైవ్ పెద్ద పికప్‌కు వేస్తే వాలు 25 డిగ్రీలు దాటుతుంది, తోయవలసిన బలం 47 కిలోలకు చేరుతుంది. ఆ పన్నెండు కిలోల తేడా కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. 27 అంగుళాల తొట్టి మీదకు మనిషి బైకు పక్కనే నడుస్తూ ఒక్క అంగలో ఎక్కగలడు. మూడడుగుల తొట్టికి మధ్యలో మెట్టు గాని, రెండో ర్యాంపు గాని ఉండాలి, లేకపోతే బైకు సగం పైకి, మనిషి సగం కిందికి ఉన్న స్థితిలో హ్యాండిలు చేయి జారుతుంది. ఒంటరిగా ఎక్కించి దించుకునేవారు తక్కువ ఎత్తున్న టూ వీల్ డ్రైవ్ బండినే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కొందరు పాత యజమానులు సస్పెన్షన్ పెంచి, పెద్ద టైర్లు వేసి అమ్ముతుంటారు. చూడటానికి ఎంత ఠీవిగా ఉన్నా మన పనికి అవి తగవు.

ట్రాకుకు వెళ్లే దారి బురదదో, ఇసుకదో అయితే ఫోర్ వీల్ డ్రైవ్ మాట ఎత్తక తప్పదు. అయినా అందరూ మామూలు కార్లతో, ట్రెయిలర్లతో చేరుకునే ట్రాకుకు మంచి టైర్లున్న టూ వీల్ డ్రైవ్ పికప్ చేరుకోలేకపోవడం అరుదు. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ముందు ఇరుసు, ముందు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, మరో ప్రొపెల్లర్ షాఫ్టు, వాటి సీళ్లు, వాటి ఆయిళ్లు. పాతబడిన బండిలో ఇవన్నీ అరగడానికి సిద్ధంగా ఉన్న భాగాలే.

ఇక ఛాసిస్. పాత పికప్‌కు నిజమైన ఆయుష్షు ఇంజనులో కాక ఇక్కడే ఉంటుంది. ఇంజను పాడైతే మార్చుకోవచ్చు, గేర్‌బాక్సు పాడైతే మరొకటి తెచ్చి వేసుకోవచ్చు, ఛాసిస్ తుప్పు తిన్న బండిని మాత్రం చవకగా బాగుచేసే దారి లేదు. మంచు కురిసే ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు చక్రాల నుంచి చిమ్మి ఛాసిస్ గొట్టాల లోపలికి చేరుతుంది, అక్కడ మట్టితో కలిసి తడి ఆరకుండా ఉండి లోపలి నుంచి లోహాన్ని తినేస్తుంది. అందుకే బయట నల్లగా, నున్నగా రంగు వేసి ఉన్న ఛాసిస్‌ను చూసి మురిసిపోకూడదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట పాత పికప్‌కు అతికినట్టు సరిపోతుంది. అమ్మకానికి ముందు కొత్తగా నల్ల రంగు పూసిన ఛాసిస్‌ను నేను తుప్పు ఉన్న ఛాసిస్‌గానే లెక్కేసి చూస్తాను.

చూడవలసిన తీరు ఇది. పాత దుప్పటి పరుచుకుని, టార్చి లైటు, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు పట్టుకుని బండి కిందికి దూరాలి. వెనక కమాను కట్టల రెండు చివర్లు ఛాసిస్‌కు తగిలే బ్రాకెట్ల దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే మట్టి నిలిచేది, బరువు పడేది అక్కడే. సుత్తితో మెల్లగా తడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా, చచ్చు చప్పుడు చేస్తుంది. చచ్చు చప్పుడు వచ్చిన చోట స్క్రూడ్రైవరు మొన పెట్టి గట్టిగా నొక్కాలి. పొరలు పొరలుగా రేకులు ఊడి రాలినా, మొన లోపలికి దిగినా, ఆ బండి ముచ్చట అక్కడితో ముగించాలి. పైపైన ఎర్రగా పట్టిన పొడి తుప్పుకు భయపడనక్కరలేదు, దానిని వైరు బ్రష్షుతో రుద్ది రంగు వేసుకోవచ్చు. తర్వాత ఛాసిస్ లోపలి వైపు, పెట్రోలు ట్యాంకు పట్టీలు, వెనక ఇరుసుకు వెళ్లే బ్రేకు గొట్టాలు చూడాలి. చివరగా తొట్టిలో ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంటే దాని మూలను ఎత్తి చూపించమని అడగాలి. తొడుగు కింద నీరు నిలిచి తొట్టి అడుగు చిల్లులు పడటం తరచుగా జరిగే విషయం. ఎత్తి చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే కారణం అడగనక్కరలేదు, వచ్చేయవచ్చు.

ఇప్పుడు ఒక్కొక్క బండి గురించి. నా మొదటి ఓటు 2011 దాకా తయారైన పాత ఫోర్డ్ రేంజర్‌కు. ఒకే వరుస సీటు, టూ వీల్ డ్రైవ్, నాలుగు సిలిండర్ల ఇంజను, మాన్యువల్ గేర్లు, దొరికితే ఏడడుగుల తొట్టి, దొరక్కపోతే ఆరడుగులది. 2.3 లీటర్ల పాత ఇంజనుకు 1989 నుంచి సిలిండరుకు రెండేసి చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి, మార్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. 2001లో వచ్చిన కొత్త 2.3 లీటర్ల ఇంజనులో కవాటాలను వేళకు తెరిచి మూయించే టైమింగ్ బెల్టు స్థానంలో చైను వచ్చింది, ఇంధనమూ పొదుపే. 4 లీటర్ల వి6 (ఆరు సిలిండర్ల ఇంజను) మీద మోజు పడేవారు ఒక విషయం తెలుసుకోవాలి. 2001 తర్వాతి ఆ ఇంజనులో టైమింగ్ చైన్ల ప్లాస్టిక్ గైడ్లు అరిగి విరిగే గుణం ఉంది. వాటిలో ఒక చైను ఇంజను వెనక భాగంలో ఉంటుంది కనుక దానిని మార్చాలంటే ఇంజనునో గేర్‌బాక్సునో దించాలి, అంటే బండి ధరలో పెద్ద భాగం ఆ ఒక్క పనికే పోతుంది. స్టార్టు చేయగానే లోపల గరగరమన్న చప్పుడు కొన్ని సెకన్లపాటు వినిపిస్తే అది చైను మాట్లాడుతున్నట్టే. మాన్యువల్ రేంజర్‌లో క్లచ్‌ను ఆయిలు ఒత్తిడితో విడదీసే స్లేవ్ సిలిండరు గేర్‌బాక్సు గూటి లోపల ఉంటుంది. క్లచ్ పెడలు మెత్తగా కిందికి దిగిపోతున్నా, గేరు పడేటప్పుడు గరగరలాడినా బేరంలో ఆ ఖర్చు తగ్గించి అడగాలి. వెనక కమాను బ్రాకెట్లు తుప్పు తినడం రేంజర్‌కు బాగా తెలిసిన జబ్బు, అయితే విడి బ్రాకెట్లు విరివిగా దొరుకుతాయి, రివెట్లు కోసి బోల్టులతో బిగించుకోవచ్చు. 1994 నుంచి 2009 దాకా మాజ్డా బి-సిరీస్ పేరుతో అమ్ముడైనది కూడా పేరు మార్చిన ఈ బండే. పేరు కొత్తగా అనిపించి జనం దాని వైపు చూడరు కనుక అది మరికాస్త చవకగా దొరుకుతుంది.

టొయోటా టకోమా మన్నిక గురించి వేరే చెప్పనక్కరలేదు, చిక్కంతా ఆ పేరుతో పాటు పెరిగిన ధర దగ్గరే. పేరుకు ఇచ్చే ఆ అదనపు డబ్బుతో రేంజర్‌కు కొత్త టైర్లు, కొత్త బ్రేకులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించుకోవచ్చు. పైగా ఛాసిస్ తుప్పు విషయంలో టకోమాకు పెద్ద చరిత్ర ఉంది. 1995 నుంచి 2000 దాకా వచ్చిన బండ్లకు ఆ కంపెనీ 2008లో తుప్పు మీద 15 ఏళ్ల పొడిగించిన వారంటీ ప్రకటించి, మరీ పాడైన వాటిని తానే తిరిగి కొనుక్కుంది. తర్వాత 2001 నుంచి 2004 దాకా వచ్చిన వాటికీ ఉపశమనం దొరికింది. 2005 నుంచి 2010 దాకా వచ్చిన బండ్ల యజమానులు వేసిన దావా 2016లో రాజీకి వచ్చి, ఛాసిస్‌లను పరీక్షించి అవసరమైనచోట మార్చే ఏర్పాటు జరిగింది. అందువల్ల ఛాసిస్ మార్చినట్టు కాగితాలున్న టకోమా దొరికితే అది మంచి బేరం. కాగితాలు లేని దానిని పైన చెప్పిన సుత్తి పరీక్ష పెట్టకుండా ముట్టుకోకూడదు. 2005 నుంచి వచ్చిన టకోమాల తొట్టి అడుగు ఇనుము కాకుండా గట్టి కాంపోజిట్ పదార్థంతో చేసినది కనుక తుప్పు పట్టదు, లోపలి గోడలకు జరుపుకోదగిన కొక్కేల పట్టాలు కూడా ఉంటాయి. బైకు కట్టడానికి ఇది చాలా అనుకూలం. కానీ నాలుగు డోర్ల రకంలో ఎక్కువగా కనబడేది ఐదడుగుల తొట్టి అన్నది మరిచిపోకూడదు. 3.4 లీటర్ల పాత వి6 అయితే టైమింగ్ బెల్టు 90,000 మైళ్లకు ఒకసారి మార్చాలి, ఎప్పుడు మార్చారో రసీదు అడగాలి.

1995 దాకా వచ్చిన అంతకుముందరి టొయోటా పికప్‌లోని 2.4 లీటర్ల 22ఆర్-ఈ ఇంజను అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. చైను గైడ్లు సకాలంలో మార్చుకుంటూ, ఆయిలు చూసుకుంటూ ఉంటే అది చాలా కాలం నడుస్తుంది. కానీ ఇప్పుడు ఆ బండ్లను సేకరించి దాచుకునేవారు ఎక్కువయ్యారు. చవక అన్న మాటకు అవి దూరమైపోయాయి.

నిస్సాన్ ఫ్రంటియర్ దగ్గర ఒక్క హెచ్చరిక గుర్తుంటే చాలు. 2005 నుంచి 2010 దాకా వచ్చిన ఆటోమేటిక్ గేర్ల బండ్లలో గేర్ ఆయిలును చల్లార్చే భాగం రేడియేటరు లోపలే ఉంటుంది. అది లోపల పగిలితే కూలెంటు నీళ్లు గేర్ ఆయిలులో కలిసి గేర్‌బాక్సు మొత్తం పాడవుతుంది. కంపెనీ ఆ రేడియేటర్లకు వారంటీని పొడిగించింది కూడా. కూలెంటు ట్యాంకు మూత తీసి చూసినప్పుడు గులాబీ రంగు పాలలాంటి ద్రవం కనబడితే ఆ బండిని వదిలేయాలి. బాగానే ఉన్న బండిని తీసుకుంటే వెంటనే రేడియేటరు మార్చడమో, గేర్ ఆయిలుకు విడి కూలరు పెట్టించడమో చేయాలి. మాన్యువల్ గేర్ల ఫ్రంటియర్‌కు ఈ బాధ లేదు, ఆరడుగుల తొట్టితో దొరికితే అది రేంజర్‌కు గట్టి పోటీ.

షెవర్లే ఎస్-10 ఉత్పత్తి ఆగిపోయి చాలాకాలమైనా విడిభాగాలకు కొదవలేదు, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను నిర్మాణం సులువైనది. ఒకే వరుస సీటు ఉన్న పొడవాటి రకంలో తొట్టి ఏడడుగులు దాటుతుంది. డబ్బు మరీ తక్కువగా ఉన్నవారికి రేంజర్ తర్వాత నేను చూపించేది దీనినే. హోండా రిడ్జ్‌లైన్ వేరే కోవకు చెందినది. దాని మొదటి తరం తొట్టి ఐదడుగులదే అయినా, ముందు గోడలో బైకు ముందు చక్రాలు కుదురుకునేలా గాడులు వదిలారు. కారులా మెత్తగా నడుస్తుంది, కుటుంబమంతా కూర్చోవచ్చు. ఇంట్లో ఒకే బండి ఉంచుకోగలిగినవారికి ఇది సరైన ఎంపిక. బైకు కోసమే విడిగా రెండో బండి కొనేవారికి మాత్రం అనవసరమైన ఖర్చు.

పెద్ద పికప్‌ల విషయంలో ఎనిమిదడుగుల తొట్టి ఉన్న పాత ఫోర్డ్ ఎఫ్-150 రెండు బైకులను డోరు మూసి మోస్తుంది, 1996 దాకా వచ్చిన 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను గట్టిదనానికి పేరుపడింది. 2004 నుంచి 2008 దాకా వచ్చిన 5.4 లీటర్ల ఇంజనుకు మాత్రం దూరంగా ఉండటం మంచిది, దాని స్పార్క్ ప్లగ్గులు తీసేటప్పుడు హెడ్‌లోనే విరిగిపోతాయి, కవాటాల వేళను సర్దే క్యామ్ ఫేజర్లు కూడా తొందరగా పాడవుతాయి. ఏ పెద్ద పికప్ అయినా ఇంధనం ఎక్కువే తాగుతుంది. రెండు బైకులు, వాటి మీద తిరిగే ఇద్దరు మనుషులు, ఇరవై లీటర్ల పెట్రోలు, పనిముట్లు అన్నీ కలిపినా 420 కిలోల దగ్గరే ఆగుతాయి. మంచి స్థితిలో ఉన్న చిన్న పికప్ మోయగల బరువు సాధారణంగా అర టన్ను దాటుతుంది. ఒక్క బైకు కోసం పెద్ద ఇంజనును పోషించడంలో అర్థం లేదని నేను అనేది ఈ లెక్క వల్లే.

బండి నచ్చి నడిపి చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పి వెళ్లాలి. మనం వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే స్టార్టింగు కష్టాలు, పొగ, చైను చప్పుడు మనకు తెలియకుండా ముందే వెచ్చబెట్టి ఉంచారని అనుమానించవచ్చు. 1996 నుంచి వచ్చిన బండ్లలో డ్యాష్‌బోర్డు కింద బండి కంప్యూటరును చదివే ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది, చిన్న స్కానరు పెట్టి చూస్తే లోపాల కోడ్‌లతో పాటు స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో కూడా తెలుస్తుంది. కోడ్‌లు ఏమీ లేకపోయినా స్వీయ పరీక్షలన్నీ అసంపూర్తిగా కనిపిస్తున్నాయంటే ఈమధ్యే కోడ్‌లను చెరిపి హెచ్చరిక దీపాన్ని ఆర్పేశారన్నమాట. మాన్యువల్ బండిని నాలుగో గేరులో తక్కువ వేగంతో నడుపుతూ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాలి. వేగం పెరగకుండా ఇంజను చప్పుడు మాత్రమే పెరిగితే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. కదిలేటప్పుడు వెనక నుంచి టక్ మన్న దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగాయి, అది పెద్ద ఖర్చు కాదు. వేగం మీద ఈలలాంటి మూలుగు వెనక ఇరుసు నుంచి వస్తుంటే అది పెద్ద ఖర్చే. టైర్ల గోడ మీద ఉండే తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. గాడులు లోతుగా ఉన్నా మరీ పాత టైర్లు మార్చవలసినవే, ఆ మేరకు ధర తగ్గించి అడగాలి.

బైకు కట్టే కొక్కేల సంగతిని కొనేముందే చూసుకోవాలి. పాత చిన్న పికప్‌లలో తొట్టి లోపలి ముందు మూలల్లో కొక్కేలు చాలావాటికి ఉండవు. తొట్టి పై అంచు రేకుకు పట్టీ తగిలిస్తే ఆ రేకు వంగిపోతుంది, పట్టీ కూడా ఆ పదునుకు తెగుతుంది. ముందు గోడ అడుగున రెండు మూలల్లో, రేకుకు కింద వెడల్పాటి ఇనుప పలక వేసి, బోల్టుతో బిగించిన వలయాలు కావాలి. అక్కడి నుంచి రెండు పట్టీలు హ్యాండిలు దగ్గరకు 45 డిగ్రీల కోణంలో లేచి, ఎడమది ఎడమకు, కుడిది కుడికి లాగుతూ ఉండాలి. హ్యాండిలుకు నేరుగా ఇనుప కొక్కెం తగిలించకుండా మెత్తటి ఉచ్చు వేసి దానికి కొక్కెం పెట్టాలి. రెండు వైపులా కొద్దికొద్దిగా మార్చిమార్చి బిగిస్తూ పోతే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మెల్లగా కిందికి దిగుతుంది. దాని మొత్తం కదలికలో మూడో వంతు నుంచి సగం దాకా దిగితే సరిపోతుంది. అంతకు మించి బిగిస్తే ఫోర్కు సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది, తక్కువ బిగిస్తే గుంతలో బైకు కుంగినప్పుడు పట్టీ వదులై కొక్కెం ఊడుతుంది. ముందు టైరుకు, మడ్‌గార్డుకు మధ్య సరైన ఎత్తున్న చెక్క దిమ్మను పెడితే ఫోర్కు అంతకన్నా దిగదు, పట్టీలను నిశ్చింతగా బిగించవచ్చు. వెనక చక్రాన్ని పక్కకు జరగకుండా మరో పట్టీతో తొట్టి అడుగుకు కట్టాలి. పట్టీ మీద రాసిన తెగే బలాన్ని చూసి మోసపోకూడదు, పనికి వాడదగిన బలం సాధారణంగా అందులో మూడో వంతే. కార్బురేటరు ఉన్న బైకు అయితే పెట్రోలు కాక్ మూసిన తర్వాతే బయల్దేరాలి.

కొన్న వారంలోనే ఖర్చు పెట్టవలసినవి కొన్ని ఉంటాయి కనుక చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టేయకూడదు. ఇంజను ఆయిలు, గేర్ ఆయిలు, వెనక ఇరుసు ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు అన్నీ మార్చాలి, డోరు తీగలు వేయించాలి, కొక్కేల వలయాలు బిగించాలి, ఛాసిస్ లోపలి గొట్టాల్లోకి తుప్పు నిరోధక నూనె చిమ్మించాలి. ర్యాంపు కొనేటప్పుడు వీలైనంత పొడవైనదే తీసుకుని, దానికి వచ్చే భద్రతా పట్టీని తొట్టి కింది బంపరుకు తగిలించాకే బైకును దాని మీదకు ఎక్కించాలి. ఆ పట్టీ లేకపోతే ముందు చక్రం తొట్టిలోకి చేరి, వెనక చక్రం ర్యాంపు మీద ఉన్న క్షణంలో ర్యాంపు వెనక్కి తన్నుకుపోతుంది.